బఫెలో దగ్గర గెస్ట్ రాంచ్‌కి వెళ్తున్నారా? గుర్రం దిగాక చూడాల్సిన ఊళ్లూ, యుద్ధభూములూ

మీరు అడిగింది ఇది: డెన్వర్ నుంచి జూలై చివర్లో వయోమింగ్‌లోని బఫెలో ఊరి దగ్గర ఒక గెస్ట్ రాంచ్‌కి, అంటే డబ్బు కట్టి ఉండి గుర్రపు స్వారీ చేసే పశువుల క్షేత్రానికి, వారం రోజులు వెళ్తున్నారు. మీరిద్దరూ, పన్నెండేళ్లూ ఎనిమిదేళ్లూ ఉన్న పిల్లలు, గుంటూరు నుంచి వచ్చిన మీ అమ్మానాన్నలు. పెద్దవాళ్లు గుర్రం ఎక్కరు. మధ్యలో ఒకరోజు యెల్లోస్టోన్, ఇంకోరోజు డెవిల్స్ టవర్ చూసి వద్దామనుకుంటున్నారు. ఈలోగా చుట్టుపక్కల చారిత్రక స్థలాలూ, చిన్న ఊళ్లూ చూడదగ్గవి ఏమైనా ఉన్నాయా అని మీ ప్రశ్న.

చాలా ఉన్నాయి. ముందు యెల్లోస్టోన్‌ని ఈ ప్రయాణంలోంచి తీసెయ్యండి. బఫెలో నుంచి కొండలు దాటి, కోడీ అనే ఊరి మీదుగా పార్కు తూర్పు గేటు చేరడానికే నాలుగు గంటలు పడుతుంది. పెద్దవాళ్లను ఎనిమిది గంటలు కారులో కూర్చోబెట్టడం తప్ప ఆ రోజు మిగిలేదేమీ ఉండదు. యెల్లోస్టోన్‌కి విడిగా ఒక వారం పెట్టుకోండి. డెవిల్స్ టవర్ తూర్పు దిక్కున రెండు గంటల దూరం. 1906లో అమెరికా మొట్టమొదటి నేషనల్ మాన్యుమెంట్‌గా ప్రకటించింది దాన్నే, కాబట్టి చూడాలని ఉంటే చూడండి. కానీ మీ రాంచ్ నుంచి గంట, గంటన్నర లోపల ఉన్నవి వదిలేసి అటు మాత్రం పోవద్దు.

నేను ఈ బిగ్‌హార్న్ కొండల కిందకి ఏళ్ల తరబడి వెళ్తున్నాను. మొదట్లో పని మీద వెళ్లేవాణ్ని, తర్వాత ఇష్టం కొద్దీ వెళ్తున్నాను. ఇక్కడి స్థలాలను విడివిడిగా చూస్తే ఒక మ్యూజియం, ఒక రాతి స్తంభం, ఒక పాత హోటల్, అంతే. కలిపి చూస్తే అన్నీ ఒకే కథ. అది గడ్డి కథ. కొండల మంచు కరిగి వాగుల్లోకి వస్తుంది, ఆ వాగుల చుట్టూ మైళ్ల కొద్దీ గడ్డి. ఆ గడ్డి తిని అడవిదున్నల మందలు బతికాయి, ఆ దున్నల మీద లకోటా, షయాన్, అరాపహో, క్రో అనే అమెరికా ఆదివాసీ జాతులవాళ్లు బతికారు. తర్వాత ఆ గడ్డి మధ్యలోంచి బంగారు గనులకి బండ్ల బాట పడింది. ఆ తర్వాత టెక్సస్ నుంచి పశువుల మందలు వచ్చాయి. వాటి వెనకాలే 160 ఎకరాల పట్టా కాగితం పట్టుకుని చిన్న రైతులు వచ్చారు. ఈ గడ్డి ఎవరిదన్న దాని మీదే ఇక్కడ ప్రతి గొడవా జరిగింది. రాంచ్‌లో మీరు స్వారీ చేసేదీ ఆ గడ్డిలోనే. అందుకే నా సలహా ఒక్కటే: స్థలాలను దూరాన్ని బట్టి కాకుండా, వీలైనంతవరకు సంవత్సరాల వరసలో చూడండి. 1866, 1876, 1892. పిల్లలకి కథ దానంతటదే అర్థమవుతుంది.

మొదటి మజిలీ ఫోర్ట్ ఫిల్ కియర్నీ. ఐ-90 హైవే మీద షెరిడన్ ఊరి వైపు ఇరవై నిమిషాలు. అక్కడ పెద్ద కోట ఉంటుందని ఊహించుకుని వెళ్లకండి. అసలు కోట తాలూకు ఒక్క దుంగ కూడా నిలబడి లేదు. చిన్న మ్యూజియం ఉంది, కొంతమేర మళ్లీ కట్టిన దుంగల ప్రహరీ ఉంది, ఏ కట్టడం ఎక్కడుండేదో చూపించే గుర్తులు ఉన్నాయి. మిగతాదంతా గడ్డి, గాలి. అయినా ఈ చుట్టుపక్కల ఒక్క చోటే చూడగలిగితే దీన్నే చూడమంటాను.

కారణం చెబుతాను. 1863లో జాన్ బోజ్‌మన్ మోంటానా బంగారు గనులకి ఒక అడ్డదారి కనిపెట్టాడు. అది సరిగ్గా ఈ కొండల అంచున, లకోటాల వేట భూమి నడిమధ్య నుంచి పోతుంది. 1866లో ఒకపక్క ఫోర్ట్ లారమీ అనే సైన్యపు కోటలో లకోటాలతో సంధి మాటలు నడుస్తుండగానే, ఇంకోపక్క ఆ బాట పొడవునా కోటలు కట్టమని సైన్యం కల్నల్ హెన్రీ కారింగ్టన్‌ని పంపింది. లకోటా నాయకుడు రెడ్ క్లౌడ్ ఆ మాటల మధ్యలోంచి లేచి వెళ్లిపోయాడు. కారింగ్టన్ జూలైలో ఇక్కడ కోట పని మొదలుపెట్టాడు.

కోట నేల మీద నిలబడి పిల్లల్ని ఒక ప్రశ్న అడగండి: ఇంత కోట కట్టడానికి కలప ఎక్కడిది? చుట్టూ చూస్తే ఒక్క పెద్ద చెట్టు ఉండదు. పైన్ చెట్లు దూరంగా కొండ మీద కనిపిస్తాయి. గోడలకైనా, పొయ్యిలోకైనా కలప అక్కణ్నుంచే రోజూ బండ్ల మీద రావాలి. ఆ బండ్లే కోటకి బలహీనత. పక్కనున్న పైలట్ హిల్ మీద కాపలావాళ్లు నిలబడి, బండ్ల మీద దాడి జరిగితే జెండాలతో సైగ చేసేవాళ్లు. మ్యూజియం బయట నిలబడితే ఆ గుట్ట మీకు కనిపిస్తుంది.

1866 డిసెంబర్ 21న అదే జరిగింది. కలప బండ్ల మీద దాడి అని సైగ వచ్చింది. కెప్టెన్ విలియం ఫెటర్‌మన్ దళంతో బయల్దేరాడు. లాడ్జ్ ట్రెయిల్ రిడ్జ్ అనే గుట్ట దాటి పోవద్దని కారింగ్టన్ చెప్పి పంపాడంటారు. కొద్దిమంది యోధులు ఎదురుగా వచ్చి, కవ్వించి, పారిపోతున్నట్టు నటిస్తూ గుట్ట దాటించారు. అవతలి వాలులో వందల మంది పొంచి ఉన్నారు. ఫెటర్‌మన్‌తో కలిపి 81 మంది వెళ్లారు, ఒక్కరూ తిరిగి రాలేదు. కోటలో ఉన్నవాళ్లకి తుపాకుల చప్పుడు వినిపించింది, కానీ ఏమీ కనిపించలేదు. ఎందుకు కనిపించలేదో మీరు కోట నేల మీద నుంచుని ఉత్తరం వైపు చూస్తే తెలుస్తుంది: గుట్ట అడ్డం. ఎన్ని పుస్తకాలు చదివినా రాని విషయం అక్కడ ఒక్క చూపులో బోధపడుతుంది.

తర్వాత కారెక్కి ఆ గుట్ట అవతలికే వెళ్లండి. పాత హైవే 87 పక్కన ఫెటర్‌మన్ యుద్ధస్థలం ఉంది. 1900ల మొదట్లో గుండ్రాళ్లతో కట్టిన ఎత్తైన స్తంభం ఉంటుంది. దాని మీద ఫలకం చదవండి. చివరి వాక్యం, ప్రాణాలతో మిగిలినవారు లేరు అని. అక్కడ ఆ రోజు గెలిచి ఇంటికి వెళ్లినవాళ్లు వందల్లో ఉన్నారు. ఆ ఫలకం రాసినవాళ్ల లెక్కలోకి వాళ్లు రాలేదు. స్తంభం దగ్గర మొదలయ్యే కాలిబాట పక్కన కొత్తగా పెట్టిన బోర్డులు లకోటా, షయాన్‌ల వైపు నుంచి కూడా యుద్ధాన్ని చెబుతాయి. ఫలకం, బోర్డులు రెండూ చదవమని మీ పన్నెండేళ్ల పిల్లకో పిల్లాడికో చెప్పండి. చరిత్ర ఎవరు రాస్తే ఎలా ఉంటుందో నేర్పడానికి ఇంతకన్నా మంచి చోటు నాకు తెలీదు. బాట ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి మీ అమ్మగారికి మోకాళ్ల నొప్పులుంటే స్తంభం దగ్గరే ఆగవచ్చు. అక్కణ్నుంచి కూడా గుట్ట అంచు అంతా కనిపిస్తుంది.

ఇంకో కథ ఉంది, దాన్ని పిల్లలకి రాంచ్‌లో మొదటి పూట స్వారీ అయ్యాక చెప్పండి. ఆ రాత్రి కోటలో మిగిలినవాళ్లు సాయం కోసం ఒక మనిషిని పంపారు. జాన్ ఫిలిప్స్, అందరూ పోర్చుగీ అనేవారు. మంచు తుపానులో, దారి పొడవునా శత్రువుల భయంతో, ఫోర్ట్ లారమీకి 236 మైళ్లు గుర్రం మీద వెళ్లి, క్రిస్మస్ రాత్రి అక్కడ విందు జరుగుతుండగా చేరాడు. దారిలో కొంత దూరం వేరేవాళ్లు తోడున్నారు గానీ చివరిదాకా వెళ్లింది అతను. రెండు గంటల స్వారీకే తొడలు పట్టేసిన పిల్లలకి 236 మైళ్లంటే ఏమిటో అప్పుడు తెలుస్తుంది.

అదే దారిలో స్టోరీ అనే ఊరి దగ్గర వ్యాగన్ బాక్స్ యుద్ధం జరిగిన చోటు ఉంది. 1867 ఆగస్టు 2న బండి తొట్లను గుండ్రంగా పేర్చి, వాటి చాటున కొద్దిమంది సైనికులు గంటల తరబడి నిలదొక్కుకున్నారు. తేడా కొత్త తుపాకులది: అంతకుముందు గొట్టం ముందు నుంచి మందు దట్టించేవాళ్లు, ఇప్పుడు వెనక నుంచి తూటా పెట్టే రైఫిళ్లు వచ్చాయి. అక్కడ పది నిమిషాలు చాలు. స్టోరీ మాత్రం పైన్ చెట్ల నీడలో చల్లగా ఉండే ఊరు, పెద్దవాళ్లు మధ్యాహ్నం కాసేపు కూర్చోవడానికి బావుంటుంది.

ఇంత జరిగాక 1868లో ఫోర్ట్ లారమీ ఒప్పందం కుదిరింది. సైన్యం ఈ బాట మీది కోటలన్నీ ఖాళీ చేసి వెళ్లిపోయింది. వాళ్లు కదలగానే షయాన్‌లు ఫిల్ కియర్నీని తగలబెట్టారు. అమెరికా సైన్యం వెనక్కి తగ్గిన యుద్ధం ఇది. దీన్ని చూడకుండా నేరుగా కస్టర్ యుద్ధభూమికి వెళ్తే, అక్కడ జరిగినదానికి తలా తోకా తెలీదు.

కస్టర్ యుద్ధభూమి అంటే లిటిల్ బిగ్‌హార్న్, అమెరికా సైన్యాధికారి జార్జ్ కస్టర్ ఓడి చనిపోయిన చోటు. షెరిడన్ దాటి మోంటానాలోకి 70 మైళ్లు, మీ రాంచ్ నుంచి గంటన్నర పైన. దీనికి ఒక పూర్తి రోజు పెట్టండి, తెల్లవారే బయల్దేరండి. జూలైలో పదకొండు దాటితే అక్కడ ఎండ నిలువునా కాల్చేస్తుంది, ఆ మైదానంలో నీడ దొరకడం కష్టం. యుద్ధం 1876 జూన్ 25, 26 తేదీల్లో జరిగింది. 1868 ఒప్పందం లకోటాలకి విడిచిన బ్లాక్ హిల్స్ కొండల్లో బంగారం బయటపడ్డాక ఆ ఒప్పందం కాగితం మీదే మిగిలింది. వేట భూముల్లో ఉన్న లకోటా, షయాన్‌లను రిజర్వేషన్లలోకి, అంటే ఆదివాసీలకని ప్రభుత్వం కేటాయించిన భూముల్లోకి, తోలడానికి సైన్యం వచ్చింది. నది ఒడ్డున అంత పెద్ద శిబిరం ఉందని కస్టర్ సరిగ్గా అంచనా వేయలేదు, దళాన్ని ముక్కలు చేశాడు. అతనితో ఉన్న అయిదు కంపెనీలూ తుడిచిపెట్టుకుపోయాయి.

గుట్ట వాలులో తెల్ల పాలరాయి ఫలకాలు అక్కడక్కడా చెదిరి ఉంటాయి. సైనికులు పడిపోయిన చోట్లు అవి, 1890లో పెట్టారు. ఒక్కోచోట రెండేసి, ఒక్కోచోట ఒంటరిగా. కాసేపు అక్కడే నిలబడి చూస్తే ఎవరు కలిసికట్టుగా నిలబడ్డారో, ఎవరు పరుగెత్తుతూ పడిపోయారో మనసుకి తడుతుంది. 1999 నుంచి లకోటా, షయాన్ యోధులు చనిపోయిన చోట్ల ఎర్ర గ్రానైట్ ఫలకాలు పెట్టడం మొదలైంది. ఈ స్థలం పేరు కూడా 1991 దాకా కస్టర్ పేరు మీదే ఉండేది, అప్పుడు చట్టం చేసి లిటిల్ బిగ్‌హార్న్ అని మార్చారు. 2003లో గుట్ట పక్కనే గుండ్రటి ఇండియన్ మెమోరియల్ కట్టారు. దాంట్లో గుర్రాల మీద పోతున్న ముగ్గురు యోధుల బొమ్మలు లోహపు చువ్వలతో చేసి పెట్టారు, వెనక ఆకాశం వాటిలోంచి కనిపిస్తుంది. చాలామంది కస్టర్ దళం చివరిగా నిలబడ్డ లాస్ట్ స్టాండ్ హిల్ అనే దిబ్బ దగ్గర ఫొటో దిగి కారెక్కేస్తారు. మీరు రోడ్డు దాటి ఆ మెమోరియల్‌లోకి తప్పకుండా వెళ్లండి. మా నాన్నగారు అక్కడ గోడల మీద రాసినవన్నీ ఓపిగ్గా చదివి, సైనికుల దిబ్బ దగ్గర ఉన్నదానికన్నా ఎక్కువసేపు ఉన్నారు. మీ పెద్దవాళ్లకీ నచ్చుతుందని నా నమ్మకం.

రాంచ్‌లో గుర్రాలతో స్నేహం చేసిన పిల్లలు అక్కడ ఇంకోటి కూడా చూస్తారు. దిబ్బ మీద సైనికులు చివరికి తమ గుర్రాలనే చంపి, వాటిని అడ్డుగా పెట్టుకున్నారు. ఆ గుర్రాలను పాతిపెట్టిన చోట కూడా ఒక రాయి ఉంది. ఎనిమిదేళ్ల బిడ్డ మనసు సున్నితమైతే ముందే కాస్త చెప్పి తీసుకెళ్లండి.

ఇంకో మాట. ఈ యుద్ధభూమి ఉన్నది క్రో రిజర్వేషన్‌లో. క్రో జాతివాళ్లకి లకోటాలతో పాత వైరం, వాళ్ల భూముల్లోకి లకోటాలు చొచ్చుకొచ్చారన్న కోపంతో కొందరు కస్టర్‌కి దారి చూపే స్కౌట్‌లుగా పనిచేశారు. అంటే ఇది తెల్లవాళ్లకీ ఆదివాసీలకీ మధ్య జరిగిన రెండు పక్షాల పోరు కాదు. వేసవిలో క్రో గైడులు నడిపే బస్సు టూర్లు ఉంటాయి. పెద్దవాళ్లు నడవక్కర్లేదు, స్థానికుల నోట కథ వినొచ్చు, కాబట్టి సొంత కారులో తిరగడం కన్నా ఇదే మేలు. నేషనల్ పార్కుల వార్షిక పాస్ ఉంటే ఇక్కడ కూడా పనికొస్తుంది. బాటలు దిగి గడ్డిలోకి వెళ్లొద్దు, త్రాచుల జాతి కాకపోయినా అంత ప్రమాదమైన రాటిల్ స్నేక్‌లు ఉంటాయి.

తిరుగు దారిలో షెరిడన్‌లో ఆగండి. మెయిన్ స్ట్రీట్‌లో కింగ్స్ శాడ్లరీ అనే జీనుల కొట్టు ఉంది. వెనక భాగంలో తాళ్లు అమ్ముతారు. పశువుల మెడకి విసిరే ఉచ్చు తాళ్లు గోడల పొడవునా చుట్టలు చుట్టలుగా వేలాడుతుంటాయి. మెత్తన, మధ్యరకం, బిరుసు అని పురిని బట్టి రకాలు. కొనడానికొచ్చిన రాంచ్ పనివాళ్లు ఒక్కో తాడూ చేతిలోకి తీసుకుని, మణికట్టు తిప్పి, ఉచ్చు తెరుచుకునే తీరు చూసి, పక్కన పెట్టి ఇంకోటి తీస్తారు. చీరల కొట్టులో మన అమ్మలు అంచు వేళ్ల మధ్య నలిపి చూసే తీరే అది. మీ అమ్మగారికి అది చూడగానే అర్థమైపోతుంది. కొట్టు వెనక డాన్ కింగ్ మ్యూజియంలో వందల జీనులున్నాయి. తోలు మీద అడవి గులాబీ తీగలు చెక్కే పనికి షెరిడన్ పెట్టింది పేరు. రాంచ్‌లో ఒకసారి జీను కట్టడం నేర్చుకున్నాక చూస్తే ఆ పనితనం ఇంకా బాగా తెలుస్తుంది, కాబట్టి షెరిడన్‌ని వారం మొదట్లో కాకుండా మధ్యలో పెట్టుకోండి.

అదే ఊళ్లో ట్రెయిల్ ఎండ్ అనే భవంతి ఉంది. జాన్ కెండ్రిక్ 1879లో టెక్సస్ నుంచి పశువుల మందతో నడిచి వచ్చిన కుర్రాడు. తర్వాత పెద్ద రాంచ్ యజమాని అయ్యాడు, గవర్నర్ అయ్యాడు, అమెరికా సెనేటర్ అయ్యాడు. 1913లో పూర్తయిన ఆ ఇంట్లో లిఫ్ట్, గోడల్లోంచి పనిచేసే వాక్యూమ్ క్లీనర్, మూడో అంతస్తులో నాట్యశాల ఉన్నాయి. గడ్డి మీద ఎంత డబ్బు పండిందో తెలుసుకోవాలంటే ఆ ఇల్లు చూడాలి. రైల్వే స్టేషన్ దగ్గరి షెరిడన్ ఇన్ 1893లో తెరిచిన హోటల్. గుర్రపు స్వారీల ప్రదర్శనలతో పేరుమోసిన బఫెలో బిల్ కోడీ దాని వరండాలో కూర్చునే తన ప్రదర్శనకి రౌతులను ఎంపిక చేసేవాడంటారు. బయట నుంచి చూసినా చాలు.

ఇక 1892. మీ రాంచ్‌కి ఇది చాలా దగ్గర, పైగా మన తెలుగువాళ్లకి భూమి గొడవలు కొత్త కాదు కాబట్టి మీ నాన్నగారికి ఇది బాగా పట్టుకుంటుంది. 1886-87 చలికాలంలో మంచుకి పశువులు కుప్పలుగా చచ్చాయి, పెద్ద పశువుల కంపెనీలు దివాలా అంచుకి వచ్చాయి. అదే సమయంలో చిన్న రైతులు వాగుల పక్కన పట్టాలు వేసుకుని కంచెలు కడుతున్నారు. యజమాని ముద్ర వేయని దూడ ఎవరిదన్నది పెద్ద తగాదా. చిన్న రైతులంతా పశువుల దొంగలేనని పెద్ద రాంచ్‌లవాళ్లు తీర్మానించారు. 1892 ఏప్రిల్‌లో వయోమింగ్ రాజధాని షయెన్ నుంచి ఒక ప్రత్యేక రైలులో వాళ్ల తరఫున దాదాపు యాభై మంది బయల్దేరారు. వాళ్లలో సగం మంది టెక్సస్ నుంచి కూలికి తెచ్చిన తుపాకీవాళ్లు. చంపాల్సినవాళ్ల జాబితా జేబులో ఉంది. దారిలో టెలిగ్రాఫ్ తీగలు తెంపించారు.

ముందు వాళ్లు ఇప్పటి కేసీ ఊరున్న చోట నేట్ ఛాంపియన్ అనే చిన్న రాంచరు ఉన్న గుడిసెను చుట్టుముట్టారు. అతను ఒంటరిగా గంటల తరబడి ఎదురుకాల్పులు జరుపుతూనే, మధ్యమధ్యలో ఒక చిన్న పుస్తకంలో జరుగుతున్నది రాసుకుంటూ పోయాడు. చివరికి గుడిసెకి నిప్పుపెట్టి, బయటికి పరిగెత్తినప్పుడు కాల్చేశారు. ఆ ఆలస్యమే చిన్న రైతులను కాపాడింది. ఈలోగా కబురు బఫెలోకి చేరింది, ఊరు ఊరంతా తుపాకులు పట్టుకుని బయల్దేరింది. వచ్చినవాళ్లు వెనక్కి తిరిగి టీఏ రాంచ్‌లో దూరారు. ఏప్రిల్ 11 నుంచి 13 దాకా రెండు వందలకు పైగా మంది వాళ్లను ముట్టడించారు. బండి మీద దుంగలు కట్టి, దాని చాటున డైనమైట్‌తో ముందుకి జరుగుతుండగా, ప్రెసిడెంట్ హారిసన్ ఆజ్ఞతో ఫోర్ట్ మెకిన్నీ నుంచి ఆశ్వికదళం వచ్చి లోపలివాళ్లను కాపాడింది. తర్వాత కేసు నడిచింది, సాక్షులు మాయమయ్యారు, ఖర్చు భరించలేక కౌంటీ చేతులెత్తేసింది, ఒక్కరికీ శిక్ష పడలేదు.

టీఏ రాంచ్ బఫెలోకి దక్షిణంగా 13 మైళ్ల దూరంలో ఉంది. ఇప్పుడు అది కూడా గెస్ట్ రాంచే. ముట్టడి నాటి కొట్టం ఇంకా నిలబడి ఉంది. తుపాకీ గొట్టాలు పెట్టడానికి లోపలివాళ్లు చెక్కల్లో కోసుకున్న కన్నాలు, బయటి నుంచి తగిలిన తూటాల గుర్తులు చూడొచ్చు. ప్రైవేటు స్థలం కాబట్టి చెప్పకుండా వెళ్లొద్దు, ముందే ఫోన్ చేసి అడగండి. మీ రాంచ్ వాళ్లకి అక్కడివాళ్లు తెలిసే ఉంటారు, వాళ్లతో చెప్పిస్తే ఇంకా మంచిది.

దీనికి జతగా బఫెలో ఊళ్లో జిమ్ గాచెల్ మ్యూజియం చూడండి. గాచెల్ మందుల కొట్టు యజమాని. లకోటాలు, షయాన్‌లు, పాత సైనికులు, పశువుల కాపర్లు, అందరూ అతని స్నేహితులే. వాళ్లు ఇచ్చిన వస్తువులతోనే ఆ మ్యూజియం మొదలైంది. చిన్న ఊరి మ్యూజియంలో ఉండే గొప్పతనం అదే: వస్తువు ఎవరి చేతినుంచి ఎవరి చేతికి వచ్చిందో చెప్పగలరు. రెండు గంటలు పడుతుంది. అక్కణ్నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఆక్సిడెంటల్ హోటల్ ఉంది, 1880లో గుడారంలో మొదలైంది. పాత సెలూన్ అలాగే ఉంచారు. గురువారం సాయంత్రాలు అక్కడ స్థానికులు చేరి బ్లూగ్రాస్ అనే అమెరికా పల్లె సంగీతం వాయిస్తారు, ఫిడేలు, బాంజో వినడానికి ఊరివాళ్లంతా వస్తారు. వీలైతే మీ బఫెలో రోజు గురువారం పెట్టుకోండి. సంగీతం ఇష్టమైన పెద్దవాళ్లకి భాష తెలియకపోయినా ఫరవాలేదు. ఎండ తగ్గాక ఊరి మధ్యలోంచి పారే క్లియర్ క్రీక్ పక్కన కాలిబాట ఉంది, రోజూ నడక అలవాటున్న మీ నాన్నగారికి అది చాలు.

మిగతావి క్లుప్తంగా. బిగ్ హార్న్ అనే చిన్న ఊరి దగ్గర బ్రింటన్ మ్యూజియం ఉంది. పాత రాంచ్ ఇల్లు, దాని పక్కనే కొత్త భవనంలో లకోటా, క్రో జాతుల పూసల పని. చాలా మంచి సేకరణ, కుట్టుపని తెలిసినవాళ్లకి తప్పక చూపించండి. అదే ఊళ్లో వేసవి ఆదివారాల్లో పోలో ఆడతారు. 1890ల్లో స్థిరపడ్డ బ్రిటిష్ కుటుంబాలు తెచ్చిన ఆట అది. ర్యాంచెస్టర్ దగ్గర 1865లో సైన్యం అరాపహో గ్రామం మీద పడిన చోటు ఇప్పుడు చిన్న పార్కు. ఆ పక్కనే డేటన్, 1911లోనే సూసన్ విస్లర్ అనే మహిళను మేయర్‌గా ఎన్నుకున్న ఊరు. రాంచ్‌ల చరిత్ర మీద ఆసక్తి ఉంటే, వుల్ఫ్ అనే చోట ఈటన్ సోదరుల రాంచ్ ఉంది. వాళ్లు 1879లో డకోటాలో మొదలుపెట్టి, 1904లో ఇక్కడికి వచ్చారు. మీరు వారం రోజులు డబ్బు కట్టి ఉండబోయే ఈ పద్ధతికి ఆద్యులుగా వాళ్లనే చెబుతారు.

మెడిసిన్ వీల్ గురించి కూడా అడిగేవాళ్లుంటారు. కొండ మీద 9,642 అడుగుల ఎత్తులో రాళ్లతో పేర్చిన చక్రం, మధ్య నుంచి అంచుకి 28 చక్రపు ఆకులు, సుమారు 80 అడుగుల వెడల్పు. దాన్ని ఎవరు ఎప్పుడు పేర్చారో తేలలేదు, కానీ చాలా జాతులకి ఈనాటికీ అది పూజా స్థలం. చుట్టూ తాడు కంచెకి కట్టిన గుడ్డ పీలికలు మొక్కుబడులు, ముట్టుకోవద్దు, ఫొటోల కోసం పక్కకి జరపొద్దు. ఎవరైనా ప్రార్థనలో ఉంటే దూరంగా ఆగండి. పార్కింగ్ నుంచి ఒకవైపు మైలున్నర నడక. మీ పెద్దవాళ్లకి బీపీ, ఆయాసం లాంటివి ఉంటే ఆ ఎత్తులో నడిపించవద్దు. బఫెలో నుంచి రానూపోనూ రోజంతా పడుతుంది కూడా. ఈ ప్రయాణంలో నేనైతే దాన్ని వదిలేస్తాను.

తిండి గురించి మీరు అడగలేదు గానీ, పెద్దవాళ్లు ఉన్నారు కాబట్టి చెప్పాలి. రాంచ్‌ల్లో భోజనం అందరికీ కలిపి వండుతారు, మాంసం ఎక్కువ. శాకాహారులుంటే బుకింగ్ అప్పుడే రాసి, వారం ముందు మళ్లీ ఫోన్ చేసి గుర్తుచేయండి. గుడ్డు తింటారా, పాలు పెరుగు సరేనా అన్నది విడివిడిగా చెప్పండి, వాళ్ల లెక్కలో శాకాహారం వేరు. ఊరగాయ, కంది పొడి, అటుకులు మనతో ఉంటే పెద్దవాళ్లకి టెన్షన్ ఉండదు. చిన్న ఊళ్లలో రాత్రి ఎనిమిదికే వంటగది మూసేసే హోటళ్లున్నాయి, ఆదివారం కొట్లు తెరవని ఊళ్లున్నాయి. యుద్ధభూముల దగ్గర తినడానికి పెద్దగా దొరకదు, మధ్యాహ్నం డబ్బా కట్టించుకు వెళ్లండి. నీళ్లు మనిషికి రెండు సీసాలు, టోపీలు తప్పనిసరి. చీకటి పడేవేళ రోడ్ల మీదికి జింకలు వస్తాయి, చూసి నిదానంగా నడపండి. చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు, మ్యాప్‌లు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. కంచె గేటు తెరిచి ఉంటే తెరిచే వదలండి, మూసి ఉంటే దాటాక మళ్లీ మూయండి. ఆ ఊళ్లలో దీనికన్నా పెద్ద మర్యాద లేదు.

ఇప్పుడు చేయాల్సిన మొదటి పని రాంచ్‌కి ఫోన్ చేసి, వారంలో గుర్రాలకి ఏ రోజు విశ్రాంతి ఇస్తారో కనుక్కోవడం. కొన్ని రాంచ్‌లలో అది ఆదివారం, కొన్నిచోట్ల వేరే రోజు. ఆ రోజు లిటిల్ బిగ్‌హార్న్, షెరిడన్ పెట్టండి, అప్పుడు పిల్లలకి స్వారీ పోయిందన్న బాధ ఉండదు. ఫిల్ కియర్నీ దానికి ముందు ఏదో ఒక ఉదయం, అర పూట. టీఏ కొట్టం, బఫెలో కలిపి గురువారం మధ్యాహ్నం నుంచి రాత్రి వరకు. పెద్దవాళ్లకి మీరు స్వారీలో ఉన్న పూటల్లో రాంచ్ వరండా, కొండగాలి ఉన్నాయి. విశ్రాంతి రోజు ఏదో తెలిశాక ఇక్కడే రాయండి, ఏ ఊళ్లో ఏది ఎన్నింటికి తెరుస్తారో చూసి, రోజువారీ వరస సరిచేసి ఇస్తాను.